బాసింపట్టుకు వేరే చందా

నమోదు 1, సోమవారం

సుగమ మోకాళ్ల కంపెనీ వారికి, కొత్త బందరు నుంచి భ్రమరాంబ చెప్పేది ఏమంటే: మోకాళ్లు వాడే మనిషి తాలూకు ఇంట్లోవాళ్లు రోజూ ఏం జరిగిందో రాసి పంపాలని, పంపకపోతే వారంటీ పోతుందని నిన్న కబురు పెట్టారు. పొద్దున్నే నేను పాలు కాచుకోవాలా, షాపు తెరుచుకోవాలా, మీకు కథలు రాసుకుంటూ కూర్చోవాలా? సరే, అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఇంత ఎందుకు రాశావమ్మా అని తర్వాత మాత్రం అడక్కండి.

మాది పెళ్లి సామాన్ల షాపు. గుండిగలు, గంగాళాలు, కుర్చీలు, బల్లలు, షామియానాలు అద్దెకిస్తాం. పాత బందరు నీళ్లపాలైన ఏడాది మా మామగారు పడవలోకి ముందు గుండిగల్ని ఎక్కించి, చోటు మిగిలితే మనుషుల్ని ఎక్కించారని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పడవలో చోటు దొరికినవాళ్లలో మా ఆయన ఒకరు. పేరు పున్నారావు. పోయినేడు ఎవరి పెళ్లికో షామియానా కడుతూ గుంజ మీద నుంచి జారి పడి రెండు మోకాళ్లూ నుజ్జు చేసుకున్నారు. అప్పుడు మీ మోకాళ్లు పెట్టించాం.

మోకాళ్లు డబ్బు పోసి కొన్నాం. స్టీలు మాది, మరలు మావి. లోపల కూర్చుని వాటిని నడిపించే బుద్ధి మాత్రం మీది. దానికి నెలనెలా చందా. ఒకటో తారీకున చందా మీకు చేరేదాకా ఆయన మంచం మీద కాళ్లు చాపుకుని, ఊళ్లోకి వెళ్లే బస్సుకి ఎదురుచూస్తున్న మనిషిలా కూర్చుంటారు.

మొన్నటిదాకా నడక, మెట్లు, బాసింపట్టు అన్నీ ఒకే పథకంలో ఉండేవి. ఈ నెల నుంచి బాసింపట్టును తీసుకెళ్లి 'మహారాజ' పథకంలో పెట్టారు. మీ కాగితంలో దాని పేరు 'అదనపు భంగిమ'. నేల మీద కూర్చోవడం అదనమెలా అవుతుందండీ? మీ కంపెనీ పుట్టిన చోట మనుషులు నిలబడే పుట్టి నిలబడే పోతారా? మా ఆయన పీట మీద మఠం వేసుకుని కూర్చుంటే తప్ప అన్నం సహించని మనిషి. ఈ పూట కుర్చీలో కూర్చోబెట్టి వడ్డిస్తే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు. గోంగూర పచ్చడి ఉన్న రోజున.

అద్దె మీద నాకు పగ లేదు. అద్దెకిచ్చే బతుకుతున్నదాన్ని. కానీ గుండిగను పెళ్లికి అద్దెకు తీసుకుంటారు, పెళ్లయ్యాక తోమి తెచ్చి ఇచ్చేస్తారు. రోజూ అన్నం వడ్డించుకునే గరిటెను ఎవరైనా అద్దెకు తెచ్చుకుంటారా? మోకాలు గరిటె లాంటిది. ఆయన కాళ్లు ఆయనవి కావాలి, నాకు కావలసింది అదొక్కటే. ఆ బుద్ధిని ఒక్కసారే ఖరీదు కట్టి అమ్మండి, కొనుక్కుంటాను. రాసింది చదివే మనిషంటూ మీ దగ్గర ఉంటే బదులివ్వండి.

నమోదు 4, గురువారం

బదులొచ్చింది. 'మీ అభిప్రాయం మాకు అమూల్యం' అన్నారు. ఖరీదు చెప్పమంటే అమూల్యం అంటారేమిటి?

దాంతోపాటు ఇంకో పథకం చూపించారు. 'ఆదరణ' పథకం. చందా సగమే, బాసింపట్టు కూడా ఉంటుంది, కాకపోతే ప్రకటనలు వస్తాయన్నారు. ప్రకటనలేగా, చూసీచూడనట్టు ఊరుకుందాం అనుకుని మార్పించాను. ప్రకటనలు కళ్లకు వస్తాయనుకున్నాను కానీ కాళ్లకు వస్తాయని నాకేం తెలుసు?

మొన్న సాయంత్రం కూరగాయలకని బయల్దేరిన మనిషి పూతరేకుల పొట్లంతో తిరిగొచ్చారు. నిన్న మంగలిషాపుకని వెళ్లి పూతరేకులు. ఇదేమిటండీ అంటే, సెంటర్లో ఆ మిఠాయి కొట్టు ముందుకు రాగానే మోకాళ్లు ఆగిపోతున్నాయి, కొట్టువైపు తిరిగి కాసేపు నిలబడుతున్నాయి, అంతసేపు ఊరికే నిలబడితే మర్యాదగా ఉండదని కొంటున్నాను అన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు మనిషి మొహంలో బాధేమీ లేదు.

ఇవాళ మాత్రం పరువు పోయింది. ఎదురింటి నాగభూషణం గారు కాలం చేశారు. పాడె మోసే నలుగురిలో మా ఆయన కుడివైపు ముందు. వద్దండీ అంటే వినలేదు. సెంటర్లోకి రాగానే మోకాళ్లు మిఠాయి కొట్టువైపు తిరిగి ఆగాయి. వెనక వాళ్లు ఆగలేకపోయారు. పాడె ఆయన చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. డప్పులవాళ్లు ఇదేదో వీళ్ల ఆచారం కాబోలనుకుని దరువు మార్చారు. కొట్టతను చేతులు జోడించాలో పొట్లం కట్టాలో తెలియక నిలబడిపోయాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. నాగభూషణం గారి భార్యే నా చెయ్యి పట్టుకుని, మా ఆయనకూ ఆ కొట్టంటే ఇష్టమేలే అక్కయ్యా, పోనివ్వు అంది. ఆవిడ మంచితనం వల్ల గండం గడిచింది.

పథకం వెనక్కి మార్చేశాను. బాసింపట్టు మళ్లీ పోయింది.

నమోదు 6, శనివారం

నడక మామూలు. మెట్లు మామూలు. అన్నం కుర్చీలోనే, అదీ సగమే. ఇంతకంటే రాసేదేమీ లేదు.

(ఇక్కడ నేను నిజం మొత్తం రాయలేదు. ఎందుకో రేపో మాపో మీకే తెలుస్తుంది.)

నమోదు 9, మంగళవారం

ఇవాళ మీరు అడిగారు, పున్నారావు అనే మనిషి ఒకే పూట కొత్త బందరులోనూ గుడివాడలోనూ ఎలా నడుస్తున్నాడని. అడిగాక దాచడం నాకు చేతకాదు.

గుడివాడలో మా చెల్లెలు హైమ ఉంది. దాని మొగుడు విఠల్, అంటే మా ఆయన తోడల్లుడు, ఆయనవి కూడా మీ మోకాళ్లే. మీ చందాతో వాళ్లూ విసిగిపోయి ఉన్నారు. పోయిన శుక్రవారం విఠల్ ఫోన్ చేసి, వదినగారూ, ఇద్దరం కలిసి ఒక్క మహారాజ పథకం తీసుకుందాం, ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్ అన్నాడు. సినిమాలు చూసే పెట్టెకి మా వీధి మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్. ఎవరూ ఎప్పుడూ ఏమీ అనలేదు. మోకాళ్లకైతే మాత్రం ఏమవుతుందిలే అనుకున్నాం.

ఏమైందో వినండి. మీ మహారాజ పథకంలో ఒక పేరు మీద ఒక్క జతే లేవగలదు. ఇక్కడ ఈయన లేస్తే అక్కడ ఆయన కూలబడతాడు. మొదటి రోజే సంగతి అర్థమై ఇద్దరూ ఫోన్లు చెవిలోనే పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. తమ్ముడూ, నేను లేస్తున్నా, నువ్వు కూచో. అన్నయ్యా, కాస్త ఆగు, గేటు దాకా వెళ్లి కూచుంటా. పెళ్లిళ్లలో తప్ప పలకరించుకోని తోడల్లుళ్లు, పొద్దున లేచింది మొదలు ఒకరి స్నానాలు, ఒకరి కడుపు సంగతులు ఇంకొకరికి చెప్పుకోవలసి వచ్చింది. మా ఆయన మళ్లీ పీట మీద కూర్చుని కడుపునిండా తిన్నారు. ఆయన కూర్చున్నంతసేపు విఠల్ గుడివాడలో తన పనులన్నీ చక్కబెట్టుకున్నాడు. మాకు బాగానే కుదిరిందనుకున్నాం.

నిన్న గుడివాడ గ్రంథాలయం వార్షికోత్సవం. విఠల్ ఫోన్ వేదిక కింద వదిలేసి, ముఖ్య అతిథికి దండ వెయ్యడానికి పైకెక్కాడు. సరిగ్గా అప్పుడు ఇక్కడ పాలవాడు పిలిచాడు. మా ఆయన అలవాటుగా లేచారు. అక్కడ విఠల్ దండతో సహా అతిథి కాళ్ల దగ్గర దబ్బున కూలబడ్డాడు. ఆ పెద్దమనిషి పాపం, పాదాభివందనం అనుకుని వంగి లేవదీయబోయాడు. విఠల్ లేవడు. ఇంకా వంగి లాగాడు. విఠల్ లేవడు. ఇంతటి వినయం నేనెక్కడా చూడలేదని ఆయన మైకులో చెబుతూ కళ్లు తుడుచుకున్నాడట. ఇక్కడ మా ఆయన పాలు పోయించుకుని, చిల్లర గురించి పాలవాడితో తీరిగ్గా వాదన పెట్టుకున్నారు.

జరిగింది ఇదీ. తప్పంటే తప్పే. కానీ మీరు అమ్మి ఉంటే ఈ పాట్లు మాకెందుకు వస్తాయి?

నమోదు 10, బుధవారం

కొంప ముంచారు. మధ్యాహ్నం మా ఆయన పీట మీద కూర్చుని పప్పులో నెయ్యి వేసుకుంటున్నారు, మీ దగ్గర్నుంచి కబురు: ఒకే మనిషి రెండు ఊళ్లలో ఉండటం నిబంధనలకు విరుద్ధం, విచారణ ముగిసేదాకా మోకాళ్లు ఉన్నవి ఉన్నట్టుగా బిగించబడతాయి. అంతే. మనిషి బాసింపట్టులో బిగుసుకుపోయారు. నిన్నటిదాకా బాసింపట్టు కావాలని ఏడిచాం కదా, ఇప్పుడు అది తప్ప ఇంకేమీ లేదు.

అటు హైమ ఫోన్. విఠల్ రైతుబజారులో వంకాయలు ఏరుతూ నిలబడ్డవాడు నిలబడ్డట్టే బిగుసుకుపోయాడట. నిలబెట్టే ట్రాలీ రిక్షాలో ఇంటికి తెచ్చి గోడకు ఆనించింది. అక్కా, అల్మారా అనుకుని పనమ్మాయి దులిపేసిందే అంటూ ఒకపక్క ఏడుస్తూ ఒకపక్క నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. రాత్రి ఈయన్ని పక్కకు వాల్చి పడుకోబెడితే కాళ్లు విడివడక, ఇది రాస్తున్నంతసేపూ మూలుగుతూనే ఉన్నారు. విచారణ ఎప్పటికి ముగుస్తుందో మీరు చెప్పరు. నాకు ఒళ్లు మండిపోయింది. రేపు మీ ఆఫీసుకే వస్తున్నాను.

నమోదు 11, గురువారం

నేను రావడం మీకు తెలిసిందే. అయినా నా వైపు నుంచి రాసి పెడుతున్నాను, రేపు మీవాళ్లు ఇంకోలా చెప్పకుండా.

ఆటోలో పట్టలేదు. గుండిగలు మోసే మనుషుల్ని పిలిచి, పీటకు రెండు వెదురుబొంగులు కట్టించి, గుండిగను మోసినట్టే ఆయన్ని మోయించుకుని బయల్దేరాను. ఎండగా ఉందని షాపులోంచి పెళ్లి గొడుగు తీసి పట్టాను. అదే నేను చేసిన పొరపాటు. బాసింపట్టు వేసుకున్న మనిషి, భుజాల మీద పీట, పైన జరీ గొడుగు. వంతెన దాటేలోగా వెనక జనం చేరారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఒకావిడ మనవణ్ణి తెచ్చి ఆయన ఒళ్లో పడుకోబెట్టి అన్నప్రాసన చెయ్యమంది. ఈయన నాకేం తెలుసమ్మా అనొచ్చు కదా? అనలేదు. చిటికెడు పరమాన్నం నాకించి, వాడికి దీర్ఘాయుష్షు అన్నారు. నేను కొరకొరా చూస్తే, నొప్పి మరిచిపోయానే కాసేపు అన్నారు.

మీ ఆఫీసులో బల్ల వెనక ఉన్నది ఒక్క మనిషే. నీలోఫర్ అని, మా హైమ కంటే చిన్నది, కళ్ల కింద నల్లటి చారలు. మా వాళ్లు పీటను తెచ్చి ఆ బల్ల మీదే దించారు. వెనకొచ్చిన జనం లోపల వరస కట్టారు.

బిగింపు తియ్యమన్నాను. తియ్యాలంటే జరిమానా, పాత చందా, కొత్త చందా, అపరాధ రుసుము అని చదువుకుంటూ పోయింది. ఇవన్నీ కాదు తల్లీ, ఈ బుద్ధిని అమ్మండి, మళ్లీ మీ గడప తొక్కను అన్నాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. అమ్మేది ఒకటి ఉందట. చందాలు రాకముందు చేసిన మొట్టమొదటి రకం. ఒక్కసారి కొంటే మనదే. కానీ అది ఖాళీ. పసిపిల్ల లాగా దానికేమీ రాదు. పక్కన ఒక మనిషి పట్టుకుని నడిపిస్తూ ఉంటే, ఆ ఊపును బట్టి అదే నేర్చుకుంటుంది. అంత ఓపిక ఎవరికీ లేక కొనడం మానేశారట.

మరి ఆయన నడక సంగతేమిటన్నాను. మోకాళ్లు పెట్టేటప్పుడు మా పెళ్లి వీడియో, షాపు ముందరి కెమెరా బొమ్మలు అన్నీ తీసుకుని, ఆయన పాత నడకనే మీరు అందులో పోశారు. భుజం కొంచెం ముందుకేసి, చేతులు ఊపుకుంటూ, ఎవరితోనో తగువుకు వెళ్తున్నట్టు నడిచే నడక. చందా మానేస్తే అది రాదంది నీలోఫర్. ఆయన నడక ఆయనది కాదా అంటే, నడక ఆయనదేనమ్మా, రికార్డు మాది అంది. ఆ నడకను చూసి నేను పెళ్లికి ఒప్పుకున్నాను. ఆ పిల్లకు చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

ఏం చెయ్యమంటారన్నట్టు ఆయనవైపు చూశాను.

"పోనీవే భ్రమరా," అన్నారు బల్ల మీద నుంచి. "నా నడకే నెలకోసారి అడుక్కుని తెచ్చుకోవడం కంటే, ఏదో ఒక నడక, నాదంటూ ఉంటే చాలు."

సరే, ఖరీదు చెప్పమన్నాను. చెప్పింది. సగానికి అడిగాను. బేరాలు ఉండవమ్మా అంది. చింతపండు కొంటేనే కొసరుగా కరివేపాకు వేస్తారు, ఇంత పెట్టి కొంటున్నాను, కొసరుగా మా మరిదిగారికి కూడా ఒక జత బుద్ధి వెయ్యి అన్నాను. కొసరంటే కంప్యూటర్లో ఎక్కడ నొక్కాలో తెలియదంది. ఇక మాటలతో పని లేదు. బేరం తెగనప్పుడు ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను. అక్కర్లేదులే పొమ్మని సంచీ భుజాన వేసుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయాను.

గుమ్మం దాటాక గుర్తొచ్చింది, ఆయన్ని బల్ల మీదే వదిలేశానని. వెనక్కి వెళితే బేరం పోతుంది. వెళ్లకపోతే మొగుడు పోతాడు. కాళ్లు ఆగబోయాయి గానీ ఆపలేదు, వెనక్కి చూడకుండా సోడాబండి దాకా నడిచాను. ఈలోగా లోపల జనం ఆయన ముందు హారతి వెలిగించారు. బల్ల మీద కొబ్బరిచిప్పలు పోగయ్యాయి. చందా కట్టడానికి వచ్చినవాళ్లు ఆ పైకం ఆయన ముందు పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్లిపోతున్నారట. నీలోఫర్ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, రండి. ఇస్తాను, కొసరు కూడా ఇస్తాను. ముందు మీ ఆయన్ని తీసుకెళ్లండి."

సోడా తాగి వెళ్లాను.

శుక్రవారం

ఇక వారంటీ లేదు, చందా లేదు. ఇది మీకు పంపడం లేదు. ఊరికే చెయ్యి అలవాటు పడి రాసుకుంటున్నాను.

నీలోఫర్ పాత బుద్ధిని తీసేసి ఖాళీది పెట్టింది. కాళ్లు విడివడగానే ఆయన వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయారు. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది.

సొంతమైన సామానుకు పేరు చెక్కించకపోతే నాకు నిద్ర పట్టదు. మా షాపులో పేరు లేని గరిటె లేదు. గిన్నెల మీద పేర్లు చెక్కే మస్తాన్‌ని పిలిచి మోకాళ్ల మీద స్టీలు మూతల్ని చూపించి, ఇంటిపేరుతో సహా రాయమని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్లాను. అతను ఏళ్ల తరబడి మా గుండిగల మీద చెక్కుతున్నవాడు, చెయ్యి అలవాటుగా వెళ్లిపోయింది. వచ్చి చూస్తే రెండు మోకాళ్ల మీదా 'భ్రమరాంబ సామాన్లు, కొత్త బందరు' అని చెక్కి ఉంది. కుడిదాని మీద ఇంకో మాట అదనం: 'తోమి ఇవ్వగలరు'. మస్తాన్ చెవులు పట్టుకున్నాడు. స్టీలు మీద చెక్కింది చెరగదు. ఆయన పంచె దించుకుని, మంచిదేలే, ఎక్కడైనా తప్పిపోతే తెచ్చి అప్పగిస్తారు అన్నారు.

ఆ మధ్యలో ఒక రోజు

ఖాళీ అంటే ఇంత ఖాళీ అనుకోలేదు. నిలబడటం కూడా రాదు. నేను ఎడమ పక్కన చేరి, ఆయన చెయ్యి నా మెడ చుట్టూ వేయించుకుని, నడుం పట్టుకుని పెరట్లో నడిపిస్తున్నాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ నా గొంతు పోయింది. షాపులో పనివాళ్లు పట్టుకుంటామన్నారు, వద్దన్నాను. ఎవరి చేతుల్లోనో పడి కింద పడితే మళ్లీ ఎవరు చూడాలి? మోకాళ్లు ఒక పూట కుదురుగా ఉంటాయి, ఇంకో పూట మొండికేస్తాయి. నిన్న అంట్లగుండిగలో కూర్చోబెట్టేశాయి. తల ప్రాణం తోకకొస్తోంది. అయినా నెల మొదటి తారీకు వచ్చి వెళ్లిపోయిందని ఇవాళ క్యాలెండరు చూస్తే గానీ మాకు తెలియలేదు. తెలిశాక ఇద్దరం పులిహోర చేసుకుని తిన్నాం. ఆయన పీట మీద.

ఇంకొన్నాళ్లకు

నడుస్తున్నారు. ఒంటరిగా, చేతికర్ర కూడా లేకుండా. ఎవరి నడకో చూసినవాళ్లందరికీ తెలుస్తోంది.

పొద్దున ఆయన వీధి చివరి నుంచి వస్తుంటే నాగభూషణం గారి భార్య అరుగు మీద పడి పడి నవ్వింది. ఆరడుగుల మనిషి, బిందె ఎత్తుకున్నట్టు నడుం ఒక పక్కకు ఒంచి వస్తున్నారు. గడప దగ్గర ఆగి, పాదం కొంచెం వెనక్కి లాగి, లేని కుచ్చిళ్లు ఎగదోసుకున్నట్టు మోకాలు పైకెత్తి దాటుతున్నారు. నేనట్లా నడుస్తానా అని అడిగితే వీధి వీధంతా అవునంది. ఇన్నేళ్లూ ఎవరూ నాతో అనలేదు. గుడివాడలో విఠల్‌కి హైమ నేర్పింది. అది పుట్టిందే హడావుడిగా పుట్టింది. ఇప్పుడు విఠల్ ఎక్కడికైనా గంట ముందే చేరిపోయి, తలుపులు తియ్యలేదని విసుక్కుంటున్నాడట.

మా ఆయనకు సిగ్గు లేదు. షాపులో కుర్రాళ్లు అమ్మగారొస్తున్నారని బీడీలు దాచేస్తున్నారే, చూస్తే నేను, అని నవ్వుతూ చెప్పారు.

ఆదివారం

ఒక్కటే లోపం. ఎడమ మోకాలు పూర్తిగా వంగడం లేదు. మెట్టు దగ్గర, పీట మీద కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు, అక్కడిదాకా వచ్చి ఆగి, మెల్లగా కిందికి దిగుతుంది. బాసింపట్టు వేస్తే ఎడమ కాలు కాస్త ముందుకు చాపుకునే కూర్చోవాలి. ఖరీదు పెట్టి కొన్నది లోపంతో వస్తే ఊరుకోనని నేను ఎగిరాను. నీలోఫర్ సాయంత్రం తనంతట తనే వచ్చి, మూత తీసి, అన్నీ చూసి, లోపమేమీ లేదమ్మా అంది. విఠల్ గారివి రెండూ బాగానే వంగుతున్నాయి, ఇవీ అవే రకం, ఇది నేర్చుకున్నదే చేస్తోంది అంది. కావాలంటే బాగా నడిచే మనిషిని ఎవరినైనా పెట్టి మళ్లీ మొదట్నుంచి నేర్పించుకోవచ్చని చెప్పి, టీ తాగి వెళ్లింది.

ఆయన చాలాసేపు మోకాలు వంచుతూ, ఆగినచోట చెయ్యి పెట్టి చూసుకుంటూ కూర్చున్నారు. నేను కాలిన దోసె తిరగేస్తున్నాను.

"భ్రమరా," అన్నారు. "నాది స్టీలు. దీనికి నొప్పెక్కడిది?"

నేను దోసె చుట్టూ నూనె వేశాను.

"ఎప్పట్నుంచి?"

చీర అడ్డం పడి అలా నడుస్తానని చెప్పబోయి మానేశాను. నా ఎడమ మోకాలికి నొప్పి ఆయన పడకముందు నుంచీ ఉంది. ఆయన పడ్డాక ఎక్కువైంది. చెప్తే డాక్టరు దగ్గరికి లాక్కెళతారు, వాళ్లు మోకాళ్లు మార్చమంటారు, ఒక ఇంట్లో రెండు జతలకు చందా కడితే షాపు మిగలదు. అందుకని ఎవరూ చూడనప్పుడు గోడ పట్టుకుని దిగుతూ, చూసినప్పుడు మామూలుగా ఉంటూ నెట్టుకొచ్చాను. కంపెనీకి రాసిన వాటిలో కూడా ఎక్కడా రాయలేదు. ఇదంతా ఆయనతో చెప్పానో, ఏడ్చానో నాకే సరిగా తెలియదు. దోసె మాత్రం మాడిపోయింది.

ఆయన పొయ్యి కట్టేశారు. రేపు డాక్టరు దగ్గరికి వెళుతున్నాం, మోకాళ్లు పెట్టాల్సొస్తే ఖాళీవే కొంటాం, నీకు నేర్పడానికి నేనున్నానుగా అన్నారు. మీరు నేర్పితే నేను కూడా నాలాగే నడుస్తానండీ, ఆ సంబరానికి కొనడమెందుకు అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది.

మరి మీ ఎడమ మోకాలి సంగతి చూద్దాం, హైమను పిలిపించి మళ్లీ నేర్పిద్దాం అన్నాను. అక్కర్లేదు, అది అట్లాగే ఉండనీ అన్నారు.

పెరట్లో గాలి కోసం బయటికి వెళ్లబోతే ఆయన భుజం ఇచ్చారు. పట్టుకున్నాను. మెట్టు దగ్గర నా ఎడమ కాలు ఆగింది. ఆయనదీ ఆగింది. ఇద్దరం కలిసి మెల్లగా దిగాం.